చేతికి చేయి తగిలితేనే వింగ్ చున్

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

పోయిన నెల ఈ పేజీలో వింగ్ చున్ గురించి నాలుగు మాటలు రాశాను. చైనా దక్షిణాన గ్వాంగ్‌డాంగ్ ప్రాంతపు యుద్ధవిద్య అది. ఎదుటి మనిషికి బాగా దగ్గరగా నిలబడి, మోచేతులు కిందికి దించి, పొట్టి పొట్టి కదలికలతో చేస్తారు. నేను స్కూల్లో పీఈటీ టీచర్‌ని. పొద్దున పూట హనుమకొండలో పిల్లలకూ ఆడవాళ్లకూ ఈ విద్య నేర్పిస్తాను. అది చదివి మీరు పంపిన ఉత్తరాలు, వాట్సాప్ మెసేజ్‌లు చూసి చాలా సంతోషం వేసింది. ఒకే రకం ప్రశ్నలను కలిపి ఒకే జవాబు ఇస్తున్నాను. పేర్లు వేయలేదు, ఊర్లు మాత్రం ఉంచాను.

*"మేడమ్, వింగ్ చున్‌ను కనిపెట్టింది ఒక ఆడమనిషి అని మా క్లాసులో చెప్తే అబ్బాయిలు నవ్వారు. నాకు మస్తు కోపం వచ్చింది. అది నిజమా, కథా? మీరు రాస్తే వాళ్లకు చూపిస్తాను."*
– డిగ్రీ విద్యార్థిని, హనుమకొండ

కథే, బిడ్డా. అయితే చివరిదాకా చదువు, నీ చేతికి గట్టి మాటలే దొరుకుతాయి.

ఈ కథ ప్రపంచమంతా పాకడానికి ముఖ్య కారణం హాంకాంగ్‌లో ఈ విద్య నేర్పిన ఇప్ మాన్ అనే గురువు. చింగ్ వంశం పాలనలో ప్రభుత్వం షావోలిన్ అనే బౌద్ధ మఠాన్ని తగలబెట్టించిందట. ప్రాణాలతో బయటపడ్డ వాళ్లలో ఎంగ్ ముయ్ అనే భిక్షుణి ఒకరు. ఆమె దూరాన ఒక కొండ మీది గుడిలో తలదాచుకుంది. ఆ కొండ కింద టోఫు అమ్ముకొని బతికే తండ్రీకూతుళ్లు ఉండేవారు. కూతురి పేరు యిమ్ వింగ్ చున్. ఊళ్లో ఒక రౌడీ ఆమెను బలవంతంగా పెళ్లి చేసుకుంటానని వెంటపడ్డాడు. భిక్షుణి ఆ పిల్లకు తన విద్య నేర్పింది. పిల్ల వాడితో తలపడి ఓడించింది. తర్వాత తనకు ముందే మాట ఖాయమైన లియుంగ్ బోక్ చావ్‌ను చేసుకొని, అతనికీ నేర్పింది. ఆమె పేరే విద్యకు నిలిచింది. కొంగకూ పాముకూ జరిగిన పోట్లాట చూసి భిక్షుణి ఈ విద్యను కట్టిందని కొందరు ఇంకో ముక్క కలుపుతారు.

నాకు ఈ కథంటే ప్రాణం. కొత్తగా చేరిన ఆడపిల్లలకు మొదటి వారమే చెప్తాను. చరిత్ర అని మాత్రం చెప్పను. దక్షిణాన ఒక షావోలిన్ మఠం అట్లా కాలిపోయిందనడానికి ఆ కాలపు రాతల్లో ఆధారం దొరకలేదు. ఎంగ్ ముయ్ పేరు 19వ శతాబ్దం చివర వచ్చిన చైనా వీరుల నవలల్లో కనిపిస్తుంది. నవలల నుంచి గురువుల నోటికి ఎక్కిందా, నోటి నుంచి నవలల్లోకి పోయిందా అన్నది ఎవరూ తేల్చలేదు.

నిలబడటానికి గట్టి నేల దొరికేది గ్వాంగ్‌డాంగ్‌లోని ఫోషాన్ పట్నంలో. అక్కడ ఈ విద్య నేర్పిన లియుంగ్ జాన్ అనే మూలికా వైద్యుడు ఉండేవాడు, 19వ శతాబ్దపు మనిషి. ఆయన శిష్యుడు చాన్ వా షున్ బజారులో చిల్లర డబ్బు మార్చే వ్యాపారి. చాన్ వా షున్ పెద్ద వయసులో చేర్చుకున్న చివరి శిష్యుడే ఇప్ మాన్. ఆయన 1893లో ఫోషాన్‌లో పుట్టాడు. 1949లో ఊరు విడిచి హాంకాంగ్ వైపు వచ్చేశాడు. 1950లో అక్కడ హోటల్ కార్మికుల యూనియన్‌లో నేర్పడం మొదలుపెట్టాడు. 1972లో, ఇక ఎక్కువ రోజులు లేనని తెలిసిన స్థితిలో, 8 ఎంఎం కెమెరా ముందు నిలబడి తన పద్ధతి చేసి చూపించాడు. ఆ ఫిల్మ్ ఇప్పటికీ ఉంది. బక్కపలచని ముసలాయన, చేతులు ఒక్క అంగుళం కూడా అవసరానికి మించి కదలవు. దొరికితే తప్పకుండా చూడు.

లియుంగ్ జాన్‌కు ఎవరు నేర్పారు? నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే. పర్ల్ నది పాయల్లో ఎర్ర రంగు వేసిన పడవల మీద నాటక బృందాలు తిరుగుతుండేవి. మన చిందు యక్షగానం వాళ్లు ఊరూరా గుడారం దించి ఆడినట్టే, వాళ్లు రేవు రేవునా దిగి ఆడేవారు. వేషం కట్టాలంటే పాట ఒక్కటే వస్తే చాలదు. పల్టీలు కొట్టాలి, కత్తి తిప్పాలి, కర్ర పట్టాలి. లియుంగ్ జాన్‌కు నేర్పిన వాంగ్ వా బో, లియుంగ్ యీ తాయ్ ఇద్దరూ ఆ పడవల మనుషులేనని పరంపర చెప్తుంది. 1854లో గ్వాంగ్‌డాంగ్‌లో పెద్ద తిరుగుబాటు జరిగింది. లీ వెన్‌మావ్ అనే నటుడు తన తోటి వేషగాళ్లను కూడగట్టుకొని అందులో దూకాడు. వేషాల బట్టలు వేసుకునే యుద్ధానికి పోయారని చెప్పుకుంటారు. ప్రభుత్వం దాన్ని అణిచేసింది. ఫోషాన్‌లో నటుల సంఘం భవనాన్ని నాశనం చేసింది, ఆ ప్రాంతపు నాటకాలను ఏళ్ల తరబడి నిషేధించింది. ఇది రికార్డుల్లో ఉన్న సంగతి. నటులు చెల్లాచెదరై, పేర్లు మార్చుకొని, తెలిసిన వాళ్ల ఇళ్లలో దాక్కున్న ఆ రోజుల్లోనే వాళ్ల చేతుల్లోని విద్య పట్నం మనుషులకు చేరి ఉంటుందని నేను నమ్ముతాను. దాక్కున్న మనిషి పుస్తకం రాయడు. పక్కనున్న వాడి చేయి పట్టుకొని నేర్పుతాడు. రాత దొరకకపోవడానికి ఇంతకంటే వేరే కారణం వెతకాల్సిన పని లేదనిపిస్తుంది నాకు.

ఇక మీ క్లాసు అబ్బాయిలకు ఇట్లా చెప్పు. ఆడమనిషి కనిపెట్టిందని రుజువు లేదు. మగవాడు కనిపెట్టాడని కూడా లేదు. కానీ ఎవరు కట్టినా, ఎదుటివాడు తనకంటే బలమైనవాడు అనుకొనే కట్టారు. బలానికి బలం ఎదురు పెట్టడం ఇందులో నేర్పరు. వచ్చే చేతికి కొంచెం కోణం మార్చి దారి తప్పించి, అదే క్షణంలో ఇంకో చేత్తో కొడతారు. నమ్మకపోతే ఒక ఆదివారం పొద్దున గ్రౌండ్‌కు రమ్మను. మా పదో తరగతి పిల్లల ముందు నిలబడి చేయి కలిపి చూడమను.

*"మేడమ్ గారూ, కుంగ్‌ఫూ మొత్తం మన బోధిధర్ముడు చైనాకు పోయి నేర్పిందే అని మా కరాటే మాస్టర్ చెప్పారు. అంటే వింగ్ చున్ కూడా మనదే కదా?"*
– ఇంటర్ విద్యార్థి, కరీంనగర్

తమ్ముడూ, మీ మాస్టర్ ఒక్కరే కాదు, చాలామంది ఇట్లాగే చెప్తారు. రికార్డు వేరేగా ఉంది.

ఉత్తరాన ఉన్న అసలు షావోలిన్ మఠం 495 ప్రాంతంలో మొదలైంది. ఉత్తర వెయ్ వంశపు చక్రవర్తి షియావోవెన్, బతువో అనే భారతీయ భిక్షువు కోసం దాన్ని కట్టించాడు. మనవాడి పాత్ర ఇక్కడ నిజంగానే ఉంది, అయితే అతని పేరు ఎవరూ ఎత్తరు! బోధిధర్ముడు ధ్యాన మార్గానికి ఆద్యుడిగా గొప్పవాడు. ఆయన భిక్షువులకు వ్యాయామం, యుద్ధవిద్య నేర్పాడన్న మాటకు మూలం 'యీ జిన్ జింగ్' అనే పుస్తకం. అది 1624 నాటిది. ఆయనకూ ఆ పుస్తకానికీ మధ్య వెయ్యేళ్లకు పైనే ఉంది. షావోలిన్ భిక్షువులు యుద్ధంలో దిగినట్టు గట్టి ఆధారం 621 సంవత్సరానిది. తర్వాత తాంగ్ చక్రవర్తి అయిన లీ షిమిన్‌కు వాళ్లు సాయం చేశారు, ఆ సంగతి మఠంలోని రాతి ఫలకం మీద ఉంది. ఆ తర్వాత మింగ్ కాలంలో వాళ్లకు బాగా పేరొచ్చింది కర్ర విద్యలో.

వింగ్ చున్‌కు వస్తే అది ఆ మఠం నుంచి ఎంతో దూరాన, ఎంతో ఆలస్యంగా కనిపించిన విద్య. వాళ్ల కష్టాన్ని వాళ్లకే ఉంచుదాం. మన దగ్గర మన యోధుల పేరిణి ఉంది, ఊళ్లల్లో కర్రసాము ఉంది. వాటిని చూసి గర్వపడటానికి ఎవరి విద్యనూ మనదని రాసుకోవాల్సిన అవసరం లేదు.

*"నేను సింగరేణి కార్మికుడిని. మా బాబు వయసు 13. ఫోన్‌లో వీడియోలు చూసి వింగ్ చున్ చేస్తున్నాడు. చేతులు చకచకా ఆడిస్తాడు. ఇప్పుడు వాళ్లు సాధనకు వాడే ఆ చెక్క బొమ్మ కావాలని పట్టుబట్టాడు. మా వడ్రంగి చేసిస్తానన్నాడు. కొలతలు చెప్తారా మేడమ్?"*
– శ్రీరాంపూర్, మంచిర్యాల జిల్లా

అన్నా, కొలతలు చెప్తాను. ముందు ఇంకో సంగతి వినండి.

ఈ విద్యలో ఉత్త చేతులతో చేసే కదలికల వరసలు మూడే. మొదటిది సియు నిమ్ తావ్. ఇందులో కాళ్లు కదలనే కదలవు. కాలి వేళ్లు లోపలికి తిప్పి, మోకాళ్లు కొంచెం వంచి, వెన్ను నిటారుగా పెట్టి ఒక్క చోటే నిలబడాలి. మొదటి భాగంలో ఒక అరచేతిని ఆకాశం వైపు తిప్పి మెల్లగా, చాలా మెల్లగా ముందుకు పంపుతారు. దాన్ని తాన్ సావ్ అంటారు. మోచేయి పక్కలకు పారిపోకుండా ఛాతీ మధ్య గీత మీదికి రావాలి. తర్వాత అదే చేతిని మణికట్టు వంచి ఫూక్ సావ్‌గా మూడుసార్లు పంపి, మూడుసార్లు వెనక్కి తెస్తారు. మళ్లీ రెండో చేయి. ఈ ఒక్క భాగానికే పదిహేను నిమిషాలు పెట్టేవాళ్లున్నారు. చూసేవాళ్లకు బోరు కొడుతుంది. చేసేవాళ్లకు భుజం మండుతుంది. ఆ మంట దగ్గరే అసలు పాఠం మొదలవుతుంది. భుజంతో మోస్తున్నంతసేపు మండుతుంది, భుజం వదిలేసి మోచేతితో నడిపిస్తే మంట తగ్గుతుంది. ఈ తేడా శరీరానికి తెలియడానికే అంత మెల్లగా చేయడం.

రెండో వరస చమ్ కియులో నడుము తిరగడం, అడుగు వేయడం, కాలితో తన్నడం వస్తాయి. మూడోది బియు జీ. తప్పు జరిగి గీత తప్పినప్పుడు మోచేతులతో, వేళ్లతో బయటపడే దారులు అందులో ఉంటాయి. పాత గురువులు దాన్ని అందరికీ చూపేవారు కాదు. చెక్క బొమ్మ వరస సాధారణంగా వీటి తర్వాతే. ఇప్ మాన్ పద్ధతిలో దానికి 116 కదలికలు. అందరికన్నా చివర పొడుగు కర్ర, జంట కత్తులు.

అంటే మీ బాబు మెట్లన్నీ వదిలేసి మేడ మీదికి ఎక్కుతానంటున్నాడు. వీడియో చూసి చేతులు చకచకా ఆడించడం పిల్లలకు ఇట్టే వస్తుంది, అందులో వాడి తప్పేమీ లేదు. రాంది ఏమిటో చెప్తాను. నా దగ్గరికి అట్లా నేర్చుకొని వచ్చిన పిల్లల మణికట్టు మీద నా మణికట్టు ఆనిస్తాను. మెల్లగా కొంచెం బరువు పెడతాను, ఉన్నట్టుండి తీసేస్తాను. చేయి సరైన పద్ధతిలో పెరిగి ఉంటే, నా చేయి తీసిన మరుక్షణం దానంతట అదే నా ఛాతీ మీదికి వస్తుంది. వీడియో పిల్లల చేయి గాలిలో అట్లాగే నిలబడి ఉంటుంది. వచ్చిన దాన్ని నిలుపుకో, పోయేదాన్ని సాగనంపు, చేయి ఖాళీ అయితే సూటిగా దూసుకుపో అని ఈ విద్యలో పాత సూత్రం ఒకటి ఉంది. ఆ మూడో ముక్క ఫోన్ చూసి రాదు. ఎందుకంటే ఫోన్ మీ బాబు చేయి మీద బరువు పెట్టదు.

ఇక కొలతలు. బొమ్మ మొద్దు, మనిషి ఛాతీ ఎత్తు దాటేట్టు దాదాపు 5 అడుగులు, అడ్డంగా 9 అంగుళాల లావు. పైన రెండు చేతులు, అవి ఒకే ఎత్తులో ఉండవు, ఒకదాని రంధ్రం ఇంకోదానికి కొంచెం కింద పడుతుంది. మధ్యలో ఒక చేయి, కింద మోకాలు ఉన్న ఒక కాలు. ఫోషాన్‌లో మొద్దును నేలలో పాతేవారు. హాంకాంగ్‌లో మేడ మీది గదుల్లో నేల తవ్వే వీలు లేదు కాబట్టి, రెండు చెక్క పట్టీలకు తగిలించి గోడకు బిగించారు. దానివల్ల మొద్దు కొట్టినప్పుడల్లా కొద్దిగా వంగి వెనక్కి వస్తుంది, ఇదే మేలైన పద్ధతి. మా గ్రౌండ్ పక్క షెడ్డులో ఉన్నదాన్ని వరంగల్‌లో ఒక వడ్రంగి చేశాడు. మొద్దు టేకుది, చేతులు తుమ్మ చెక్కవి. మీ వడ్రంగికి ఒక్క మాట గట్టిగా చెప్పండి, చేతులను రంధ్రాల్లో బిగించి మేకు కొట్టొద్దు. అవి వదులుగా ఉండి, తగిలితే టకటకమని ఆడాలి. మంచి పనివాళ్లకు వదులుగా చేయమంటే మనసొప్పదు. మా వడ్రంగి కూడా నా పేరు పోతుందమ్మా అని వాదించాడు. బిగిస్తే మాత్రం పిల్లవాడి ముంజేతి ఎముక మీదికి వస్తుంది.

చేయించండి, అన్నా. పని దొరికితే పిల్లవాడు ఫోన్ పక్కన పెడతాడు. కానీ అది వచ్చేలోపు వాడికి చేయి ఆనించే మనిషిని చూడండి.

*"నా వయసు 46. ఆరోగ్యం కోసం చేరాను అక్కా. మా సార్ మోకాళ్లు లోపలికి నొక్కి నిలబడమంటున్నారు. ఇంటికొచ్చాక మెట్లెక్కలేకపోతున్నాను. ఇది మామూలేనా?"*
– గృహిణి, జగిత్యాల

మామూలు కాదు చెల్లె, వెంటనే ఆపి మోకాళ్ల డాక్టర్‌కు చూపించుకో.

ఆ నిలబడే పద్ధతిలో వేళ్లు లోపలికి తిరుగుతాయి, నిజమే. ఆ తిరగడం తుంటి కీలు దగ్గర జరగాలి. కాలు మొత్తం ఒక్క ముక్కగా తిరిగితే మోకాలు, కాలి రెండో వేలు ఒకే వైపు చూస్తాయి. పాదం ఒక వైపు, మోకాలు ఇంకో వైపు చూస్తే మధ్యలో కీలు మెలిపడుతుంది. మోకాళ్లను ఒకదానికొకటి నొక్కడం నేను ఎవరితోనూ చేయించను. తుంటిని కొంచెం లోపలికి తీసి, బరువు మడమల వైపు వదిలి, మోకాళ్లు కొద్దిగా మాత్రమే వంచితే చాలు. ఎంత కిందికి దిగితే అంత గొప్ప అనుకునేవాళ్లు మన దగ్గర ఎక్కువ. ఇది పొట్టి దూరంలో చేసే విద్య, అంత లోతుకు దిగాల్సిన పనే లేదు.

నొప్పి తగ్గేదాకా కుర్చీలో కూర్చొని సియు నిమ్ తావ్ చేయి. కాళ్లు కదలని వరస కాబట్టి కూర్చున్నా చేతుల పాఠం అంతా అందుతుంది. మీ సార్ ఒప్పుకోకపోతే ఈ పేజీ చూపించు.

*"బాక్సింగ్ నేర్చుకున్న మా దోస్తు వింగ్ చున్ అంతా సినిమా అంటాడు. రింగ్‌లో పనికొస్తుందా, రాదా? సూటిగా చెప్పండి మేడమ్."*
– గోదావరిఖని

సూటిగానే చెప్తాను. చేతులు కలిపి చేసే చీ సావ్ అభ్యాసం ఒక్కటే చేసి రింగ్ ఎక్కితే మీ దోస్తు నిన్ను కొడతాడు. చీ సావ్ ఫైట్ కాదు. చేతులు అప్పటికే తగిలి ఉన్నప్పుడు ఏం చేయాలో నేర్పే అభ్యాసం అది. బాక్సర్ దూరం నుంచి వస్తాడు, కొట్టి వెళ్లిపోతాడు, చేయి ఆనించనివ్వడు. ఆ దూరం దాటడం విడిగా నేర్చుకోవాలి. గ్లవ్స్ వేసుకొని, మౌత్‌గార్డ్ పెట్టుకొని, మీ దోస్తు లాంటి వాళ్లతోనే. కింద పడ్డాక ఏం చేయాలన్నది ఈ విద్యలో దాదాపు లేదు, అది కుస్తీ వాళ్ల దగ్గర నేర్చుకోవాల్సిందే.

ఇప్ మాన్ శిష్యులకు ఈ సంగతి తెలుసు. 1950ల్లో హాంకాంగ్ మేడల మీద వేరే పద్ధతుల వాళ్లతో పందేలు వేసుకొని నిజంగా కొట్టుకునేవారు. వాటిలో బాగా పేరు తెచ్చుకున్నది వాంగ్ షున్ లియుంగ్. ఆయన ముందు బాక్సింగ్ నేర్చి, తర్వాత ఇటు వచ్చినవాడు. కుర్రవాడుగా ఉన్న బ్రూస్ లీకి ఎక్కువగా చేయి కలిపి నేర్పింది ఆయనే. బ్రూస్ లీ 1959లో అమెరికా వెళ్లాక, తను నేర్చుకున్న దానికి బాక్సింగ్, కత్తిసాము మెళకువలు చేర్చి సొంత పద్ధతి కట్టుకున్నాడు. వింగ్ చున్‌తోనే మొదలుపెట్టి, దాని దగ్గరే ఆగిపోలేదు.

మీ దోస్తుతో గొడవ పడకు. వారానికో రోజు అతను నీకు దూరం నేర్పాలి, నువ్వు అతనికి దగ్గర నేర్పాలి. ఇద్దరికీ లాభం.

*"పిడికిళ్లు గట్టిపడాలని రోజూ ఇంటి గోడను గుద్దుతున్నాను. కణుపులు నల్లబడ్డాయి. ఇంకా ఎన్నాళ్లు?"*
– జనగామ

ఇవ్వాళే ఆపు నాయనా. గోడ గెలుస్తుంది.

మందపాటి కాన్వాస్ గుడ్డతో ఒకదాని కింద ఒకటి మూడు అరలున్న సంచి కుట్టించి గోడకు తగిలించు. పాత ఫోషాన్ పద్ధతిలో అందులో పెసలు పోసేవారు. మనకు పెసలకు కొదవేముంది! చాలా నెలలు పెసలే ఉండనీ, ఆ తర్వాత ఇసుక. పిడికిలి నిలువుగా ఉండాలి, అంటే బొటనవేలు పైకి. తగిలేది కింది మూడు కణుపులు. తగిలే క్షణం దాకా పిడికిలి వదులుగా ఉంచి, తగిలినప్పుడే బిగించు. సంచి ఉన్నది చర్మం మొద్దుబారడానికి అనుకోకు. మణికట్టు వంగుతోందా, మోచేయి పిడికిలి వెనకే ఉందా అన్నది నీకు చెప్పడానికి ఉంది. నలుపు తగ్గేదాకా దాన్నీ ముట్టుకోవద్దు. నొప్పి ఉంటే ఎక్స్‌రే తీయించుకో.

*"ఆరు నెలల్లో వింగ్ చున్ బ్లాక్ బెల్ట్, సర్టిఫికెట్‌తో సహా ఇస్తామని ఒక సెంటర్ వాళ్లు డబ్బు అడుగుతున్నారు. కట్టొచ్చా?"*
– కామారెడ్డి

కట్టొద్దు. ఇప్ మాన్ దగ్గర బెల్టులే లేవు. తర్వాతి తరాల్లో కొన్ని సంఘాలు తమ సౌకర్యం కోసం మెట్లు పెట్టుకున్నాయి, అది వాళ్ల ఇష్టం. ఆరు నెలల్లో శ్రద్ధగా చేస్తే మొదటి వరస, ఒంటి చేతి చీ సావ్ ఒక దారిలో పడతాయి. అంతవరకు వచ్చిందంటే నేను సంబరపడతాను. నీకు నేర్పేవాళ్లను ఒక్కటే అడుగు, మీరు నాతో చేయి కలిపి నేర్పుతారా, లేక ముందు నిలబడి లెక్క పెడతారా?

*"అమ్మా, నేను చిన్ననాటి నుంచి కర్రసాము తిప్పినవాడిని. ఇప్పుడు నేర్చుకునే పిలగాండ్లు లేరు. మీ విద్యలో కర్ర ఉందని రాశారు. అది ఎట్లాంటిది?"*
– పరకాల

బాపూ, మీ ఉత్తరం చదివి ఆ రోజంతా అదే ఆలోచనలో ఉన్నాను. నమస్కారం.

మా కర్ర మీ కర్రకు చాలా దూరం. మీరు మనిషి ఎత్తు వెదురుకర్రను మధ్యలో పట్టి రెండు కొనలూ తిప్పుతారు. ఇది 9 అడుగుల దాకా, కొన్ని చోట్ల ఇంకా పొడుగు. ఒక కొన లావు, ఇంకో కొన సన్నం. లావు కొనను రెండు చేతులతో పట్టి, సన్నం కొనతో పొడుస్తారు. తిప్పడం లేదు. కొన గాలిలో చిన్న సున్నా చుట్టి ఎదుటి కర్రను పక్కకు నెట్టి, అదే ఊపులో దూసుకుపోతుంది. మొత్తం ఆరున్నర మెళకువలు, పేరు కూడా అదే, ఆరున్నర బిందువుల కర్ర. పడవలను గడ వేసి నడిపే వాళ్ల దగ్గర పుట్టిందని చెప్తారు. ఎర్ర పడవల మీది లియుంగ్ యీ తాయ్‌కు ఈ కర్ర వచ్చు, వాంగ్ వా బోకు చేతి విద్య వచ్చు, ఒకరికొకరు నేర్పుకున్నారని పరంపర మాట. ఉత్త చేతుల్లో కాళ్లు దగ్గరగా పెట్టే ఈ విద్య, కర్ర పట్టగానే వెడల్పుగా, కిందికి దిగి నిలబడుతుంది. అంత బరువు అంత దూరాన మోయాలంటే ఇంకో దారి లేదు. నడుముకు, ముంజేతులకు దీన్ని మించిన కసరత్తు నేను చూడలేదు.

ఒక మనవి. మా పిల్లలు ఇరవై మందికి పైనే ఉన్నారు. మీరు ఒక ఆదివారం రాగలిగితే వాళ్లకు కర్రసాము మొదటి అడుగులు చూపించండి. బండి నేను పంపుతాను. ఎక్కడో ఫోషాన్ కర్ర నేర్చుకొని పరకాల కర్ర తెలియకుండా పెరగడం వాళ్లకు మంచిది కాదు. పత్రిక ఆఫీసుకు ఒక్క ఫోన్ చేయించండి చాలు, మీ నంబర్ నాకు అందుతుంది.

*"మరమగ్గాల మీద పని, రాత్రి షిఫ్టు. మా దగ్గర నేర్పేవాళ్లు లేరు. హైదరాబాద్‌లో ఉన్నప్పుడు మొదటి వరస నేర్చుకున్నాను. ఇప్పుడు పార్ట్‌నర్ లేడు. మా ఇంటామెతో చీ సావ్ చేయొచ్చా? నవ్వొద్దు మేడమ్."*
– సిరిసిల్ల

నవ్వడం దేనికి తమ్ముడూ? యిమ్ వింగ్ చున్ తన పెనిమిటికి నేర్పిందన్న కథ మొదటి జవాబులోనే ఉంది. ఆమెకు ఇష్టమైతే హాయిగా చేయండి. ఒంటి చేతి చీ సావ్‌తో మొదలుపెట్టండి, దాన్ని దాన్ చీ సావ్ అంటారు. ఇద్దరూ ఎదురెదురుగా, చేయి చాపితే అందేంత దూరంలో నిలబడండి. ఆమె కుడి చేయి తాన్ సావ్, అరచేయి పైకి. నీ ఎడమ చేయి ఫూక్ సావ్, ఆమె ముంజేతి పైన తేలిగ్గా ఆని ఉండాలి. ఆమె అరచేయి తిప్పి నీ ఛాతీ మీదికి సూటిగా తోస్తుంది. నువ్వు మణికట్టుతో పొట్టిగా కిందికి గుంజు. వెంటనే అదే చేత్తో ముఖం వైపు పిడికిలి పంపు. ఆమె మోచేయి పైకి లేపి, ముంజేయి ఏటవాలుగా పెట్టి దాన్ని జార్చేస్తుంది, అది బాంగ్ సావ్. మళ్లీ ఆమె తాన్, నువ్వు ఫూక్. ఇదే చక్రం.

కొన్ని సంగతులు చూసుకో. ఇద్దరి చేతులూ ఎప్పుడూ విడిపోకూడదు. వేగం వద్దు. ఆమె తోయకముందే నువ్వు గుంజితే నువ్వు వరస బట్టీ పట్టి చేస్తున్నట్టు, తోపు చర్మానికి తెలిసి గుంజితే నేర్చుకుంటున్నట్టు. బాగా పట్టుబడ్డాక కళ్లు మూసుకొని చేయి, ఆమె ఎప్పుడు తోస్తుందో ముందుగా చెప్పొద్దని చెప్పు. నీ బలం మగ్గం మీద పనిచేసే బలం, దాన్ని ఆమె చేతి మీద పెట్టకు. ఆమె చేయి బరువెక్కిందంటే అక్కడికి ఆపేయండి. తర్వాత పాత్రలు మార్చండి. నువ్వు తాన్ ఇవ్వు, ఆమెను ఫూక్ పెట్టనివ్వు. నీ ఛాతీ దాకా ఆమె చేయి వస్తే సంతోషించి మళ్లీ మొదటి నుంచి చేయండి.

రాత్రి షిఫ్టు దిగి నిద్రమత్తులో చేయొద్దు. పడుకొని లేచాక, సాయంత్రం డ్యూటీకి వెళ్లేలోపు అరగంట చాలు. ఎడమ చేతికీ అంతే సమయం ఇవ్వండి. రెండు చేతుల చీ సావ్‌కు పోయే ముందు ఇద్దరూ ఒకసారి హనుమకొండ రండి. చేయి ఆనించి చూస్తేనే తర్వాత ఏం చేయాలో చెప్పగలను.